మిషను బంగళాలో దొరికిన విల్లు

ప్రత్తిపాడులో పాత మిషను బంగళా పెంకులు దించిన రోజున జక్రయ్య ఒక పొడవాటి కర్రను భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు. ఆయన చర్చికి కాపలాదారు. ఏళ్ల తరబడి కర్టెన్లు వేలాడిన కర్ర అది. దానిమీద ఆకుపచ్చ పెయింటు మందంగా పేరుకుపోయింది.

"మిరపకల్లంలో టార్పాలిన్ పట్టా కట్టుకోటానికి పనికొస్తుందిలే," అన్నాడు.

కూతురు స్తుతి దాన్ని చేతిలోకి తీసుకుని అలాగే నిలబడిపోయింది. ఆమె హైస్కూల్లో ఆటల టీచరు. ఒకప్పుడు జిల్లా తరఫున విలువిద్య పోటీలకు వెళ్లింది. ప్రాక్టీసులో వెదురు విల్లు చేతిలోనే విరిగి, పేడు కనుబొమను చీల్చింది. చూపు దక్కింది కానీ మళ్లీ విల్లు పట్టే ధైర్యం రాలేదు.

కర్ర నడుమ లావుగా, కొనల వైపు సన్నగా ఉంది. బ్లేడుతో గీకితే కొనకు కొమ్ము తొడుగు, అందులో తాడు కూర్చునే గాడి బయటపడ్డాయి. ఇంకా గీకింది. చదునుగా ఉన్న వైపు తెల్లటి చెక్క, గుండ్రటి వైపు ఎర్రటి చెక్క. అతుకు లేదు, ఒకే మాను.

"నాన్నా, ఇది విల్లు! మన చెట్టు కాదు. ఎవరో దొర తన దేశం నుంచి తెచ్చుకుని ఉంటాడు."

సంగతి చర్చి కమిటీ పెద్ద జయపాల్ చెవిన పడింది. "చర్చి జూబిలీ నాడు అందరి ముందూ దాంతో బాణం వెయ్యాలమ్మా," అన్నాడు.

"లాగితే విరుగుతుందేమోనండి."

"నువ్వుండగా విరగడమేంటి!"

స్కూలు వదిలాక స్తుతి రోజూ గాజుముక్కతో పెయింటు గీకేది. లాగినప్పుడు సాగేది ఆ తెల్లటి పొరే కాబట్టి దానికి గాటు పడకుండా ఊపిరి బిగబట్టి పనిచేసేది. అవిసె నూనె పట్టించింది. కొత్త నారి పేనింది. చివరికి బంగళా షెడ్డులో విల్లును గుంజకు కట్టి, నారికి తాడు తగిలించి, గిలక మీదుగా తలుపు అవతలికి తెచ్చింది. విరిగినా ఎవరికీ తగలకూడదని.

కొంచెం లాగి వదులు చేసింది. మళ్లీ ఇంకొంచెం. విల్లు పైసగం, కిందిసగం సమానంగా వంగుతున్నాయి.

"ఇట్టా అయితే తెల్లారుద్ది!" అంటూ జయపాల్ తాడు అందుకుని బలంగా లాగాడు.

టిక్‌మంది.

జయపాల్ ముఖం పాలిపోయింది. చేతులు సడలుతున్నాయి.

"వదలొద్దండీ! ఒక్కసారిగా వదిలితే ముక్కలవుద్ది!"

స్తుతి తాడును అరచేతికి చుట్టుకుంది. చర్మం మండింది. వంగిన విల్లు సన్నగా మూలుగుతోంది. ఇద్దరూ తాడును కొంచెం కొంచెంగా వదిలారు. విల్లు నిటారైంది. ఎర్రటి చెక్కలో గోరంత చీలిక కనిపించింది.

"వద్దమ్మా, గోడకు తగిలిద్దాం," అన్నాడు జయపాల్ చెమట తుడుచుకుంటూ.

"బాగుచేస్తానండి. సగం వరకే లాగుతాను. ఎవరు అడిగినా అంతకు మించి లాగను."

చీలికలోకి జిగురు ఎక్కించి, పైన పట్టుదారం బిగించి చుట్టింది. జిగురు బాగా ఆరాక మళ్లీ గిలకకు కట్టి చూసింది. ఈసారి చప్పుడు రాలేదు.

జూబిలీ నాడు చర్చి వెనక గడ్డిమోపుకు ఎదురుగా నిలబడింది. గిలక లేదు, తలుపు చాటు లేదు. కనుబొమ దగ్గర నరం కొట్టుకుంటోంది. సగం లాగింది. జనంలో ఎవరో "ఇంకా, ఇంకా" అని అరిచారు. ఆమె లాగలేదు. బాణం వదిలింది.

గడ్డిమోపు అంచున దిగబడింది బాణం. స్తుతి నారి విప్పి, విల్లును నిమిరి, వెనక్కి తిరిగింది. జక్రయ్య రెండు చేతులతో ముఖం కప్పుకుని ఉన్నాడు.

"అయిపోయిందా అమ్మా?"

"అయిపోయింది నాన్నా. చూడు, నాకేం కాలేదు."