బిస్కెట్ ఉండలు: ఇరవై మూడో కూర్పు

మా బాబాయి జన్మలో కాగితం మీద పెట్టింది ఒకే ఒక్క వంట. పాతికేళ్ళయినా అది రాయడం పూర్తి కాలేదు.

ఆ వంట బిస్కెట్ ఉండలు. బిస్కెట్లు పొడి చేసి, కోకో, పంచదార పొడి, చిక్కటి పాలు కలిపి, ఉండలు చుట్టి, కొబ్బరి పొడిలో దొర్లించి ఫ్రిజ్‌లో పెట్టడమే. పొయ్యితో పనే లేదు. దానికి ఆయన రాసిన విధానం పదకొండు పేజీలు. ఆఫీసులో టైపిస్టు కదా, ఇంట్లో ఆ వంటలో ఏ పొరపాటు జరిగినా ఒక హెచ్చరిక చేర్చి, మొత్తం మళ్ళీ టైపు కొట్టి, పైన కొత్త కూర్పు నంబరు వేసేవాడు. ఆ ఆదివారం భోజనాలయ్యాక అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించేవాడు.

"ఎందుకండీ ఈ చాదస్తం?" అనేది పిన్ని.

"వేల ఏళ్ళ కిందటే మట్టి పలకల మీద వంటలు రాశారు, తెలుసా? ఏది ఎంత వెయ్యాలో మాత్రం రాయలేదు. ఇప్పుడు పండితులు తలలు పట్టుకుంటున్నారు."

"మీ ఉండల కోసం ఏ పండితుడూ రాడు లెండి."

"వస్తే?"



ఇక ఆ హెచ్చరికలు వినాలి. "మూడో కూర్పు: రచయిత ఉండలను పొయ్యి మీద పెట్టి మాడ్చెను. కావున పెట్టరాదు." "తొమ్మిదో కూర్పు: రచయిత కొబ్బరి పొడి అనుకొని సబ్బుపొడిలో దొర్లించెను. కావున వాసన చూడవలెను." "పద్నాలుగో కూర్పు: రచయిత మూత పెట్టకుండా మిక్సీ తిప్పెను. పైకప్పు చూడుడు."

పొయ్యి వెలిగించక్కర్లేని వంటను మాడ్చిన ఘనుడని మేం పడీ పడీ నవ్వేవాళ్ళం. హెడ్మాస్టరుగా పనిచేసి నవ్వడం మర్చిపోయిన మా నాన్న కూడా మీసం కదిపేవాడు. నేనైతే అందరికంటే గట్టిగా నవ్వేవాణ్ణి.

బాబాయి రిటైరైన రోజు, రెండు నెలల కిందటే ఇంటికొచ్చిన ఆయన కొత్త కోడలు ఆఫీసువాళ్ళ కోసం అరవై ఉండలు చేసి పంపింది. పంచదార పొడి బదులు ఉప్పు పడింది. ఆఫీసరుగారు ఒకటి నోట్లో వేసుకుని, ప్రసంగం మధ్యలో ఆపేసి కళ్ళు తుడుచుకున్నారు. అది బాబాయి మీద అభిమానమనుకుని అందరూ చప్పట్లు కొట్టారు.

బాబాయి ఇంటికొచ్చాక సంగతి తెలిసి ఆ పిల్లకు ముద్ద దిగలేదు.

"ఆదివారం చదువుతారు కదా బావగారూ. ఆ కాగితాల్లో నా తప్పు అలా ఉండిపోతుంది. ఆ ఒక్కరోజుకీ మా అమ్మావాళ్ళింటికి వెళ్ళొస్తాను," అంది నాతో.

పాపమనిపించి బాబాయి దగ్గరికి వెళ్ళాను. "ఈ ఒక్కసారికి వదిలెయ్ బాబాయ్."

"రాయకపోతే ఎలారా? మట్టి పలకలవాళ్ళకీ మనకీ తేడా ఏముంది?" అన్నాడు, టైపు మిషన్లో కాగితం ఎక్కిస్తూ.

ఆదివారం వచ్చింది. కోడలు గుమ్మం పక్కన తల వంచుకుని నిలబడింది. బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"ఇరవై మూడో కూర్పు: రచయిత రిటైరైన సంతోషంలో పంచదారకు బదులు ఉప్పు కలిపెను. కావున ముందు రుచి చూడవలెను."

"ఆఖరికి ఉప్పు కూడానా," అంది పిన్ని. అందరూ నవ్వారు.

"ఉప్పు వేసింది నేను," అంది కోడలు, మెల్లగా.

బాబాయి కళ్ళజోడు సర్దుకున్నాడు. "టైపు అయిపోయిందమ్మా. ఇప్పుడు మార్చాలంటే మళ్ళీ పదకొండు పేజీలు కొట్టాలి."

 నేనిక ఆగలేకపోయాను. "పొయ్యి మీద మాడ్చింది నేను. అప్పుడు నాకు పదేళ్ళు." బాబాయి దాచింది నా ఒక్కడి తప్పేననుకున్నాను ఇన్నాళ్ళూ.

పిన్ని పైకప్పు వంక చూసింది. "మిక్సీ నాది."

మా నాన్న దగ్గాడు. మళ్ళీ దగ్గాడు. "సబ్బుపొడి..." అని ఆపేశాడు.

"మరి నువ్వు చేసిన తప్పేది బాబాయ్?"

"నేనెప్పుడు చేశాన్రా? తినడం, టైపు కొట్టడం, అంతే."

"అయితే రండి మామయ్యగారూ, ఇవాళ మీరే చేద్దురుగాని," అని కోడలు ఆయన్ని వంటింట్లోకి తీసుకెళ్ళింది.

పై ఆదివారం ఇరవై నాలుగో కూర్పు చదివింది కోడలు. టైపు కొట్టిందీ తనే. "కోడలు బిస్కెట్లను కాగితం విప్పకుండానే పొడి చేసెను. కావున ముందు విప్పవలెను."

ఈసారి అందరికంటే గట్టిగా నవ్వింది బాబాయి.