ఎర్రయ్య ఉమ్మి మానిన పూట

రైల్వే ఊళ్లోని గోల్‌బజార్ చరిత్ర ఎవరైనా రాయబూనితే పంక్చర్ల దుకాణం ఎర్రయ్య ఉమ్మికి ఒక అధ్యాయం కేటాయించక తప్పదు. కారు టైరులో గాలి తెలియకుండా దిగిపోతోందంటే, ఆయన ముందుగా వేలి మీద కాస్త ఉమ్మేసుకుని వాల్వు మూతికి రాసేవాడు. బుడగ లేస్తే జబ్బు అక్కడే. లేవకపోతేనే చక్రం ఊడదీసేవాడు. ఇరవై ఏళ్లలో దొరలు వెళ్లిపోయారు, స్వాతంత్ర్యం వచ్చింది. ఈ క్రమం మాత్రం తప్పలేదు.

తప్పింది 1962 వేసవిలో, ఒక ఉదయం. లేడీ డాక్టరు స్వర్ణకుమారి తన నల్ల కారును దుకాణం ముందు ఆపింది. ఝాడ్‌గ్రామ్ అవతల అడవిలో ఒకామె తెల్లవారుజాము నుంచి నొప్పులు పడుతోంది. బిడ్డ అడ్డం తిరిగింది. కారు వెనక చక్రమేమో గంటకోసారి మెత్తబడుతోంది. మారు చక్రం లేదు. దారిలో గాలి కొట్టే దిక్కూ లేదు.

"అరగంట, ఎర్రయ్యా. అంతకుమించి ఆగలేను."

"ఠీక్ హై అమ్మగారూ."

వేలు నోటిదాకా వెళ్లి ఆగింది. వారం కిందటే డాక్టరమ్మ క్షయ మీద ఉపన్యసించి, 'ఇక్కడ ఉమ్మరాదు' అన్న కాగితాన్ని స్వహస్తాలతో ఆ దుకాణం తలుపుకే అంటించింది.

కనుక ఎర్రయ్య మర్యాదగా చక్రం విప్పి, ట్యూబు లాగి, వాల్వుకి పంపు గొట్టం బిగించి, వాల్వు పైకి పట్టుకుని మిగతాదంతా నీళ్లతొట్టిలో ముంచాడు. బుడగ లేదు. తిప్పి ముంచాడు. లేదు. టైరు లోపల మేకు కోసం అరచెయ్యి పామాడు. అదీ లేదు. ఇరవై నిమిషాలు గడిచాయి.

"దాదా, మంత్రం మర్సిపోనావేటి?" అన్నాడు పక్క పాన్‌కొట్టు హరనాథ్.

"అక్కడ ఆ తల్లి ప్రాణం మీదికొస్తోందయ్యా!" డాక్టరమ్మ చేతి గడియారం చూపించింది. "రోజూ మొదట ఏం చేస్తావు నువ్వు?"

"సెప్పకూడదమ్మగారూ."

"చెప్పు!"

"వాల్వు మీద ఉమ్మి రాత్తానమ్మా."

"మరి ఇవాళేం?"

ఎర్రయ్య తలుపు వైపు దీనంగా చూశాడు. "మీరే గదమ్మా అంటించినారు."

డాక్టరమ్మ ఆ కాగితాన్ని సర్రున చింపేసింది. "ఉమ్మవయ్యా బాబూ!"

ఎర్రయ్య పంపు గొట్టం పీకి, వేలు తడిపి, వాల్వు మూతికి రాశాడు. హరనాథ్ కొట్టులోంచి మెడ సాచాడు. ఆవగింజంత బుడగ ఒకటి మెల్లగా ఉబ్బి, పగిలింది.

సాయంత్రం కారు తిరిగొచ్చింది. తల్లీబిడ్డా క్షేమం. టైరూ గట్టిగానే ఉంది.

వదులైన వాల్వు లోపలి పిన్నును అరచుట్టు బిగించాల్సొచ్చింది, అంతే.