మళ్ళీ ఎంచుకోమన్న ఏడాది

శ్రీ ధన్వంతరయే నమః. ఆశ్వయుజ బహుళ త్రయోదశి.

ఈ ఉదయం నా ఆరోగ్య బీమాను కంప్యూటర్లో సరిచేస్తున్న మనుమరాలు, "తాతయ్యా, నీ డాక్టర్‌ని సెలెక్ట్ చెయ్యాలి. లేకపోతే వాళ్ళే ఎవర్నో అసైన్ చేసేస్తారు" అన్నది. ఆ మాట చెవిని పడగానే, నేను వైద్యం చేసిన న్యూజెర్సీలోని పేదల క్లినిక్ కళ్ళయెదుట నిలిచింది. అది పూర్వం రొట్టెల అంగడి. వాన కురిస్తే గోడలనుండి కాల్చిన పిండి వాసన వచ్చేది. పరగడుపున రక్తపరీక్షకు వచ్చినవారికి అదొక చిన్న శిక్ష.

1985 శరత్కాలంలో ప్రభుత్వం పేదల బీమాను ఒక కంపెనీ చేతిలో పెట్టింది. గడువులోగా ప్రతివారూ ఒక వైద్యుణ్ణి ఎంచుకోవాలి. ఎంచుకోనివారిని కంపెనీయే ఎవరికో ఒకరికి అంటగడుతుంది. మా రోగులు ఒక్కరూ పలకలేదు. గడువు దాటేసరికి సగానికి పైగా ఊరవతలి వైద్యుల పాలయ్యారు. బీమా సొమ్ము రోగి వెంటే పోతుంది కనుక, వారు తిరిగి రాకుంటే వేసవినాటికి క్లినిక్ మూతపడక తప్పదు.

చర్చి వంటశాలకు పెద్దదిక్కయిన ఒక వృద్ధురాలు చక్కెరవ్యాధికి నా వద్దకు వచ్చేది. ఎందుకు ఎంచుకోలేదని అడిగాను.

"ముప్పయ్యేళ్ళు కాపురం చేసినదాన్ని మళ్ళీ మొగుణ్ణి ఎంచుకోమంటే పలుకుతానా, డాక్?"

"నువ్వు పలకలేదనే వాళ్ళు నీకు వేరే సంబంధం చూశారు" అన్నది మా పెద్ద నర్సు. సంవత్సరాంతంలోగా కౌంటీ ఆఫీసుకు స్వయంగా వెళ్ళి చెబితే మార్పు సాధ్యమని కూడా ఆవిడే వివరించింది.

మర్నాటినుండి చర్చి బస్సు మా వీధికీ ఆ ఆఫీసుకూ మధ్య తిరగసాగింది. వృద్ధురాలు అందరినీ గదమాయించి వరుసలో నిలిపింది. విసుగెత్తిన గుమాస్తాను మొక్కజొన్న రొట్టెతో చల్లబరచింది. ఇంచుమించు అందరూ తిరిగి మా రోగులయ్యారు.

కొత్త సంవత్సరం వచ్చాక ఆవిడ మందుకోసం వస్తే, నర్సు కంపెనీకి ఫోన్ చేసింది. ఆవిడ పేరు ఇంకా ఊరవతలి వైద్యుని వద్దనే ఉన్నది. అంతమందిని మార్పించిన మనిషి తన మాట చెప్పనే లేదు.

"నా సంగతి వాళ్ళకు తెలియదా, హనీ?" అన్నది నర్సుతో. ఇక మార్పు మరుసటి ఏడాదికే.

ఆ ఏడాది పొడుగునా రెండు బస్సులు మారి మందులు అక్కడ తెచ్చుకున్నది. ప్రతి గురువారం మా బల్లమీద కూర్చుండి కబుర్లు ఇక్కడ చెప్పింది. కాలం ఎన్నిసార్లు ఎంచుకోమన్నా, కొందరు ఒక్కసారే ఎంచుకుంటారు.

1986 వేసవిలో క్లినిక్ మూతపడలేదు. ఆ సంవత్సరాంతంలో ఆఫీసులో తన పేరు కూడా చెప్పి, 1987 జనవరిలో ఆవిడ మళ్ళీ మా రోగి అయింది.