పిక్కల లోతు నీళ్లు

జ్ఞానరాజు కొయ్యూరు బస్సు కండక్టరు. నర్సీపట్నం నుంచి కొండల్లోకి ఎక్కి దిగే ఆ బస్సు టిక్కెట్టు కొన్నవాళ్లను మోసేది, కొననివాళ్లకు వాన కబుర్లు మోసేది. కింద పల్లెల్లో మబ్బుతునక లేకపోయినా సరే, కొండమీద గట్టిగా కురిస్తే ఒక పూటలో గెడ్డ, ఆ ఎండిన కొండవాగు, పొంగి వచ్చేది. అడ్డంగా రాటలు పాతి, కంపా గడ్డీ పరిచి, ఇసక కట్ట వేసుకున్నవాడి మడికి నీరు. వేసుకోనివాడి నీరు సముద్రానికి. అందుకని రైతులు రేడియోని పక్కనబెట్టి, రోడ్డుమీద నిలబడి ముందు బస్సు చక్రాలకంటిన బురద చూసేవారు, తరువాత జ్ఞానరాజు మొహం చూసేవారు.

చిక్కల్లా ఆ మొహంతోనే. నాలుగు చినుకులు పడితే జడివాన అనేవాడు. నిజంగా జడివానే పడితే, ఎలుగుబంటి అడ్డాకులు నెత్తిన కప్పుకుని బస్సాపిందనీ, దాని పిల్లకు తాను అర టిక్కెట్టే కొట్టాననీ చెప్పేవాడు. ఆదివారం బడిలో జలప్రళయం పాఠం చెప్పమంటే నలభై రోజుల వానకు ఇంకో ఆరు రోజులు కలిపాడని పాస్టరుగారు ఆయన చేత ఆ పాఠం మాన్పించేశారు. అయినా జనం వినేవారు. ఎండిన మడిగట్టు మీద కూర్చున్నవాడికి తడి మాట ఏదైనా తియ్యగానే ఉంటుంది.

ఎనభై రెండులో మాత్రం ఆ తీపి వికటించింది. ఆషాఢం పొడిగా పోయింది. దారిలో ఒక పల్లె రైతు కొండబాబు వరినారుకు ఆకుమడి పోసి నెల దాటింది. ఆకు ఊడ్చే ఈడు మీరుతోంది, మడిలో చుక్క నీరు లేదు. అలాంటి రోజున జ్ఞానరాజు బస్సు మెట్టుమీద వేలాడుతూ, "గెడ్డ పొంగింది బావా! సెట్టుకి సెట్టే కొట్టుకొస్తంది, కొమ్మల్నిండా కోతులు!" అని అరిచి పోయాడు. పదకొండుమంది మిట్టమధ్యాహ్నం ఎండలో కట్ట వేశారు. గెడ్డలో తెల్లారేదాకా ఇసక తప్ప ఏమీ కనిపించలేదు. మర్నాడు బస్సు కిటికీలోంచి జ్ఞానరాజుకు కనిపించింది, ఆ పొడి కట్టమీద ఒక్కతే కూర్చున్న వరలక్ష్మమ్మ. కొండబాబు తల్లి. ఆమె తిట్టనైనా తిట్టలేదు.

మూడు వారాలు గడిచాయి. కట్టను పశువులు తొక్కి గండి కొట్టేశాయి. ఒక మధ్యాహ్నం కొండమీద నిజంగానే కురిసింది. రోడ్డు గెడ్డను దాటే కాజ్‌వే దగ్గర జ్ఞానరాజు బస్సు దిగి, పంట్లాం మడిచి, నీళ్లలో నిలబడి చూసుకున్నాడు. ఆ నీరు కింది పల్లెకు చేరేసరికి పొద్దు గూకుతుంది. ఈలోగా గండి పూడ్చకపోతే ఊరు దాటి పోతుంది.

బస్సు పల్లె చేరేసరికి కొండబాబు ఎద్దుల్ని ఆకుమడి వైపు తోలుతున్నాడు. ముదిరిన ఆకును పశువులకు వదిలేసి ఉలవలు చల్లుకుందామని అతని ఆలోచన. ఎద్దులు ఒకసారి మూతిపెడితే ఆ ఏటికి వరి లేనట్టే.

"బావా, ఎద్దుల్నాపు. గెడ్డ కదిలింది."

కొండబాబు వెనక్కైనా తిరగలేదు. "ఏటి, ఈపాలి కోతులా, ఏనుగులా?"

"ఏటీ లేవు. కాజ్‌వే కాడ దిగి సూసినాను. పిక్కల లోతు. నీరు ఎర్రగా ఉన్నాది."

"అంతేనా?"

"అంతే."

బస్సులో ఉన్నది నలుగురు, వాళ్లూ కాజ్‌వే దాటాక ఎక్కినవాళ్లే. డ్రైవరు చినబాబు సాక్ష్యం చెప్పబోయాడు గాని, అప్పట్లో కోతుల్ని లెక్కపెట్టింది తానేనని చెప్పుకున్నది కూడా అతనే. జ్ఞానరాజు నాలుక చివర ఒక పెద్ద చెట్టు, దానికి చుట్టుకున్న కొండచిలువ సిద్ధంగా ఉన్నాయి. పళ్లు బిగబట్టి మింగేశాడు.

గట్టుమీద గడ్డి కోస్తున్న వరలక్ష్మమ్మ కొడవలి పట్టుకునే లేచింది. ఆయన్ని కిందినుంచి పైకి చూసింది. మోకాళ్లదాకా మడిచిన పంట్లాం ఇంకా తడిగానే ఉంది.

"ఒరే కొండా, ఎద్దుల్ని కట్టీ."

"మళ్లీ నమ్మీసినావేటమ్మా? కాళ్లు ఎక్కడైనా తడుపుకోగలడు."

"అబద్ధమైతే ఈడు పిక్కల కాడ ఆగుతాడేట్రా? పీకలదాకా తెచ్చును. పార అందుకో, బేగి!"

అప్పటికే ఆలస్యమైందని చినబాబు హారను కొట్టాడు. కొండబాబు పార అందుకున్నాడో లేదో చూడకుండానే జ్ఞానరాజు బస్సెక్కవలసి వచ్చింది. నర్సీపట్నం చేరాక ఒకాయనకు చిల్లర రెండుసార్లు ఇచ్చాడు. ఇంటిదగ్గర కృపామణి "ఒంట్లో బాగోలేదా?" అని నుదురు పట్టుకు చూసింది. భర్త గంటసేపు మాట్లాడకుండా ఉండడం ఆవిడ కాపురంలో అదే మొదలు.

పొద్దున్నే మొదటి బస్సు. పల్లె ఇంకా ఫర్లాంగు ఉందనగానే తడిమట్టి వాసన కొట్టింది. మలుపు తిరిగేసరికి రోడ్డు మధ్య కొండబాబు, నడుందాకా బురద, రెండు చేతులూ పైకెత్తి. అతని వెనక మళ్లనిండా నీళ్లు. ఉబాలు మొదలై, ఆడవాళ్లు వరసగా వంగి ఆకు ఊడుస్తున్నారు.

జ్ఞానరాజు మెట్టుమీదే కూలబడ్డాడు.

"పిక్కల లోతా!" కొండబాబు అరుస్తున్నాడు. "నడుం లోతొచ్చినాది! సగం కట్ట కొట్టుకుపోనాది, మళ్లీ కట్టీసరికి కోడి కూసింది. ఏడాది పొడుగునా పదింతలు సేసి సెప్తావు, నిన్ననే తగ్గించాలేటి?"

"నే సూసినప్పుడు పిక్కలే బావా. ఆనక పెరిగుంటాది."

"పెరుగుతాదని సెప్పొద్దా?"

"ఒరే, బండాపి తిట్టకు," మడిలోంచి వరలక్ష్మమ్మ కేకేసింది. "రాజూ! ఉబాలకి మనుషులు సాలలేదు. నీ బస్సులో ఆడోళ్లుంటే ఓ ఇద్దర్ని దింపు నాయినా. ముదురాకు, ఇయ్యాలే అయిపోవాల."

బస్సులో నవ్వులు. వెనక సీట్లోంచి సీతాలూ సోమలమ్మా అని ఇద్దరు ఆడవాళ్లు సంచులు చంకనబెట్టుకుని దిగారు. "సాయంత్రం ఇక్కడే ఎక్కించుకో, మర్సిపోకు," అంటూ చీరలు ఎగదోపుకుని గట్టు దిగారు. ఎవరో ఆకుకట్ట ఒకటి వాళ్లవైపు విసిరారు. అది నీళ్లలో పడి చిందిన బురద జ్ఞానరాజు చొక్కామీద పడింది. ఆయన దాన్ని తుడుచుకోలేదు.