బ్రేకులు మార్చాకే తాళం ఇచ్చిన ఉస్తాద్

మొన్న శుక్రవారం కడప నుంచి ఉస్తాద్ కూతురు ఫోన్ చేసింది. "అబ్బా పొయినాడు చాచా. నమాజు చేసుకోని, గోడకు ఆనుకోని కూర్చున్నోడు మళ్లా లేయలే" అంది.

డెబ్బైల చివర్లో జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వెల్డర్‌గా షార్జాలోని ఒక కార్ల గ్యారేజీకి వెళ్లాను. అప్పటికే ఇద్దరు పిల్లల తండ్రిని, పని తెలుసన్న పొగరు కూడా ఉండేది. ఆ గ్యారేజీలో పెద్ద మెకానిక్ అయిన ఉస్తాద్‌ను చూసిన మొదటి వారంలోనే అది దిగిపోయింది.

అక్కడి కుర్రకారుకు పాత అమెరికా కార్లంటే ప్రాణం. రెండే తలుపులు, మంచమంత పొడుగు బానెట్. ఎండకూ ఇసుకకూ ఇంజన్ చచ్చిపోతే, గుద్దుకుపోయిన మరో కారులోంచి అంతకన్నా పెద్ద ఇంజన్ తెచ్చి పెట్టమనేవాళ్లు. ఉస్తాద్ పురికొసతో కొలిచేవాడు. గొలుసుకు వేలాడే ఇంజన్ చుట్టూ ఒకసారి తిరిగి, "రెండు వేళ్లంత ఎనక్కి" అనేవాడు. ఆయన చూపించిన చోట నేను పట్టీలు వెల్డింగ్ చేసేవాణ్ణి. ఇంజన్ దించితే బోల్టు రంధ్రాలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేవి. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు జలదరించేది.

కొత్త ఇంజన్‌ను మొదటిసారి స్టార్ట్ చేసేముందు సబ్బుతో చేతులు కడుక్కుని, తల దువ్వుకునేవాడు. ఎందుకని అడిగితే, "పుట్టే బిడ్డ ముందర మురికిగా నిలబడతామా?" అన్నాడు.

ఒకసారి ఒక అరబ్బు యువకుడు, చనిపోయిన తన తండ్రి కారు తెచ్చాడు. ఆకుపచ్చది. దానికి ఎనిమిది సిలిండర్ల ఇంజన్ పెట్టాం. స్టార్ట్ చేయగానే షెడ్డు రేకులు దడదడలాడాయి. ఆ యువకుడు ఉస్తాద్‌ను కౌగిలించుకుని, "చావీ దో! రేపే ఫుజైరా" అన్నాడు. ఆ సముద్రతీరపు ఊరికి వెళ్లే కొండదారిలో వేగం చూపిస్తానని స్నేహితులకు చెప్పుకున్నాడట.

ఉస్తాద్ తాళం జేబులో వేసుకున్నాడు. పాత బ్రేకులు ఈ ఇంజన్‌ను ఆపలేవనీ, మార్చడానికి నాలుగు రోజులు కావాలనీ హిందీలో నెమ్మదిగా చెప్పాడు. ఆ యువకుడు మండిపడ్డాడు. మా వీసాలు చేతిలో ఉన్న గ్యారేజీ యజమాని, మా కఫీల్, పరుగున వచ్చాడు. "తాళం ఇస్తావా, వీసా ఖలాస్ చేసి విమానం ఎక్కించనా?"

నేను ఉస్తాద్ భుజం పట్టుకున్నాను. "ఇచ్చెయ్ ఉస్తాద్. కారు ఆయనది, పానం ఆయనది. మనకెందుకు?" అన్నాను.

"కారు ఆయప్పదే. ఇంజన్ పెట్టింది నేను గదా అబ్బా? ఉరికేదానికి దమ్మిచ్చి, నిలబడేదానికి ఇయ్యకుంటే అది పనెట్లయితాది?"

తర్వాత కఫీల్ వైపు తిరిగాడు. "టికెట్ తీయండి సాబ్. నాలుగు రోజుల తర్వాతది తీయండి."

ఇంటి దగ్గర ఆరుగురు ఆయన సంపాదన మీదే బతికేవాళ్లు. అయినా ఆ మాట అనేశాడు. కఫీల్ ఆ యువకుణ్ణి పక్కకు తీసుకెళ్లి, అయిదో రోజు రమ్మని పంపేశాడు.

ఉస్తాద్ తుక్కులో పడున్న కొత్తరకం కారు డిస్క్ బ్రేకులు వెతికి తెచ్చి ముందు చక్రాలకు బిగించాడు. అయిదో రోజు ఆ యువకుడు ముభావంగా వచ్చి, తాళం అందుకుని, మా ఇద్దరినీ కూడా ఎక్కమన్నాడు. ముందు ఉస్తాద్, వెనక నేను. దారిలో మసాఫీ అనే ఊరు దాటాక దిగుడులో మలుపు తిరిగామో లేదో, రోడ్డు నిండా ఒంటెలు!

ఆ యువకుడు బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాడు. నా నుదురు ముందు సీటుకు కొట్టుకుంది. కళ్లు తెరిచేసరికి బానెట్‌కు మూరెడు దూరంలో ఒక తల్లి ఒంటె నెమరు వేస్తూ మమ్మల్ని చూస్తోంది. దాని కడుపు కింద పిల్ల. కారు రవ్వంత కూడా పక్కకు జారకుండా గీత గీసినట్టు ఆగింది. ఆ యువకుడు ఇంజన్ ఆపేశాడు.

ఒంటెలు వెళ్లాక అతను దిగి, ఉస్తాద్ వైపు తలుపు తెరిచి, తాళం ఆయన చేతిలో పెట్టాడు. "తుమ్ చలావ్" అంటూ తను పక్క సీట్లో కూర్చున్నాడు. వీసా మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

అన్ని కార్లకు ప్రాణం పోసిన మనిషి, అలాంటి కారును గ్యారేజీ వీధి దాటించి నడపడం అదే మొదటిసారి. తొందరేమీ పడలేదు. ఎడమ చెయ్యి కిటికీలోంచి బయటపెట్టాడు. ఫుజైరా సముద్రం కనిపించేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది, వేళ్ల సందుల్లోంచి గాలిని పోనిస్తూ.