ఒంటరి వరుసలో నా మనవరాలు

ఒక అబద్ధాన్ని ఏళ్ల తరబడి మోస్తున్నాను. పెద్దదేమీ కాదు. ఒక్క వాక్యం. ఆరేళ్ల పిల్ల చెవి దగ్గర వంగి చెప్పినది. చెప్పడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. దించుకోవడానికి మాత్రం ఇన్నేళ్లయినా చోటు దొరకలేదు. ఇంట్లోవారికి చెప్పలేను. బంధువులకు చెప్పకూడదు. అందుకే మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు. నా ముఖం చూస్తూ వినవలసిన అవసరం మీకు లేదు. మీ ముఖం చూస్తూ చెప్పవలసిన అవసరం నాకూ లేదు.

నా పేరు వద్దు. నల్లపాడులో కాపురం ఉంటున్న రిటైర్డ్ రైల్వే గుమస్తానని తెలిస్తే చాలు. పత్తి బేళ్లూ, మిరపకాయల టిక్కీ బస్తాలూ ఎక్కే వ్యాగన్లలో ఖాళీ జాగా మిగలకుండా చూడటం నా ఉద్యోగం. ప్రతిదీ రాసిపెట్టుకోవడం ఆ ఉద్యోగం నేర్పిన అలవాటు. ఏ రోజు వాన పడిందో, ఎవరు ఏ శుభకార్యానికి పిలిచారో, ఎవరు పిలవలేదో, అన్నీ రాశాను. ఇది మాత్రం రాయలేదు. మరచిపోయి కాదు. రాస్తే చదవవలసి వస్తుందని.

ముందు నాకు జరిగిన అన్యాయం చెప్పాలి. సాకుగా చెబుతున్నానా? కావచ్చు. అయినా చెబుతాను. దాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

నాకు ఒక్కతే కూతురు. దానికన్నా ముందు ఒక కొడుకు పుట్టి, పాకుతుండగా జ్వరం వచ్చి పోయాడు. కూతుర్ని సత్తెనపల్లి దగ్గర ఒక ఊళ్లో ఇచ్చాను. వియ్యంకుడు మిరప, పత్తి పండించే రైతు. గట్టిగా మాట్లాడతాడు, గట్టిగా నవ్వుతాడు, ఆయన ఇంట్లో ఉన్నాడని వీధి చివరికి తెలుస్తుంది. మా మనవరాలికి పుట్టువెంట్రుకలు కోటప్పకొండ మీద తీయించాలని నిర్ణయించారు. మా వైపు ఆనవాయితీ ప్రకారం మేనమామ ఒడిలో బిడ్డను కూర్చోబెట్టి మొదటి కత్తెర వేయిస్తారు. మేనమామ లేనప్పుడు తల్లిని కన్న తండ్రి కూర్చోవచ్చని పురోహితుణ్ణి ముందే అడిగి తెలుసుకున్నాను. కొత్త మంగళగిరి పంచె కట్టుకుని, పీట మీద కూర్చుని, ఒడిలో తువ్వాలు పరచుకున్నాను.

అందరి ముందూ వియ్యంకుడు అన్నాడు: "మీరు లెగండి బావగారూ. ఒడి ఇయ్యాల్సింది కొడుకుని నిలబెట్టుకున్నోడండీ. మీకేం తెలుస్తదీ యవ్వారం?"

నలుగురు నవ్వారు. తమాషాగా అన్నాననుకున్నాడేమో. నేను లేచాను. తువ్వాలు మడత పెట్టుకున్నాను. ఆ పీట మీద ఆయనే కూర్చుని బిడ్డను ఒళ్లోకి తీసుకున్నాడు. నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుడి వెనక్కి వెళ్లింది. నా కొడుకును నేను నిలబెట్టుకోలేకపోయాననే మాటను, ఆ కొండ మీద, ఆ ఎండలో, పసిబిడ్డ జుట్టు రాలుతుండగా విన్నాను. ఆ రోజే అనుకున్నాను. ఈ ఒడి నీకు ఎల్లకాలం దక్కనివ్వను.

అనుకోవడం వేరు, చేయడం వేరు. చేతకాక చాలాకాలం ఊరుకున్నాను. ఈలోగా ఆ పిల్ల ఆయనకు ప్రాణం అయింది, ఆయన ఆ పిల్లకు లోకం అయ్యాడు. నన్ను 'రైలు తాతయ్య' అనేది, ఆయన్ను 'మిరపకాయల తాతయ్య' అనేది. కళ్లంలోంచి వచ్చినవాడి భుజమెక్కి, ఘాటుకు తుమ్మి, తుమ్మినందుకు తనే నవ్వేది. ఇద్దరూ పోటీపడి తుమ్మేవారు. నేను వెళితే బుద్ధిగా వచ్చి నమస్కారం పెట్టేది. అంతే.

ఆ పిల్లకు ఆరేళ్లప్పుడు, గుంటూరు నుంచి విజయవాడ వెళ్లే దారిలో కొత్తగా ఒక ఆటల పార్కు తెరిచారు. రెండు కుటుంబాలూ కలిసి వెళ్లాం. అక్కడ పిల్లలంతా ఎగబడే ఆట ఒకటే: పడవను గొలుసు మీద పైకి లాక్కెళ్లి, ఏటవాలు కాలువలోంచి నీళ్లలోకి వదులుతారు. పడవకు నాలుగు సీట్లు. వరుస కొండచిలువలా మెలికలు తిరిగి ఉంది. దాని పక్కనే తాడు కట్టి ఇంకొక చిన్న వరుస పెట్టారు. ఒంటరిగా వచ్చినవారు అందులో నిలబడితే, ముగ్గురు ఎక్కిన పడవలో మిగిలిన నాలుగో సీటు ఇస్తారు. ఖాళీ జాగా పోనివ్వని ఆ ఏర్పాటు చూసి, నిజం చెప్పాలంటే, నాకు ముచ్చట వేసింది. వ్యాగన్లకు నేను చేసిన పనే అది. అక్కడ పెట్టిన బోర్డు ఆసాంతం చదివాను. ఒకే కుటుంబంవారు ఈ వరుసలో వస్తే విడివిడిగా కూర్చోవాలి. ఎనిమిదేళ్లలోపు పిల్లలను ఈ వరుసలోకి తీసుకురాకూడదు.

పిల్లను మొదటిసారి పడవ ఎక్కించేది తానేనని వియ్యంకుడు దారిపొడుగునా చెబుతూ వచ్చాడు. వడదెబ్బ తగులుతుందని పిల్లను నాకు అప్పగించి, రేకుల షెడ్డు కింద కూర్చోమన్నాడు. నిండు చూలాలైన మా అమ్మాయి, అల్లుడూ, ఆడవాళ్లూ తినుబండారాల వైపు ఉన్నారు. మోకాలి నొప్పి ఉన్న మనిషి, ఆ మెలికల వరుసలో తానే నిలబడ్డాడు.

"నా వంతొచ్చినప్పుడు కండువా ఊపుతా బావగారూ, బంగారాన్ని తోలుకురండి. ఇద్దరం కలిసి దూకేత్తాం, ఏమ్మా?"

"దూకేద్దాం!" అని పిల్ల గెంతింది.

చాలాసేపు చూశాను. ఆయన ఎండలో కాలు మార్చి కాలు నిలబడుతున్నాడు. అప్పుడప్పుడూ మా వైపు తిరిగి నవ్వుతున్నాడు. పిల్ల కళ్లన్నీ అక్కడే. "ఇంకా ఎంతసేపు? ఇంకా ఎంతసేపు?" ఆ ఎదురుచూపు చూడలేకపోయాను. నా పక్కన కూర్చుని ఆయన కోసం ఎదురుచూడటం. లేచాను. ఆయన అటు తిరిగి ఉండగా పిల్ల చెయ్యి పట్టుకున్నాను.

"రా, మనం ముందే ఎక్కేద్దాం."

"మిరపకాయల తాతయ్యో?"

"ఆయన వెనకాల వస్తాడు."

తాడు దగ్గర కుర్రవాడు అడిగాడు. "పాపకి ఎన్నేళ్లండీ?"

"ఎనిమిది నిండాయి."

ఉద్యోగంలో ఒక్క తప్పుడు అంకె వేయనివాణ్ణి. తడుముకోకుండా చెప్పాను. పిల్ల వయసుకు మించిన పొడగరి.

"విడివిడిగా కూచోబెడతామండీ. మళ్లీ పైకెళ్లాక గొడవ పెట్టుకోమాకండి."

"తెలుసు. చదివాను."

చదివాను. అదే నేను ఒప్పుకోవలసిన మొదటి సంగతి. కలిసి కూర్చోవచ్చునని పొరబడ్డానా? లేదు. పిల్ల భయపడదనుకున్నానా? ఆలోచించనే లేదు. ఆ పిల్ల మొదటిసారి ఎక్కడం నాకు దక్కాలని కూడా కాదు, ఆయనకు దక్కకూడదని మాత్రమే నేను కోరుకున్నాను. ఎదుటివాడి చేతిలోది లాక్కున్నవాడు దాన్ని తానైనా వాడుకుంటాడు, నేను లాక్కుని నీళ్లలో పారేశాను.

ముందు పడవలో ఎవరో కొత్త దంపతులు, ఆ పెళ్లికూతురి మరిది. నాలుగో సీటులో మా పిల్ల. వెనక పడవలో నేను. గొలుసు మీద పైకి వెళుతుండగా పిల్ల వెనక్కి తిరిగి చూసింది. నేను చెయ్యి ఊపాను. పై అంచుకు వెళ్లాక కింద ఉన్న లోతు చూసింది. పడవ ముక్కు వంగింది. అప్పుడు అరిచింది. ఆ అరుపు నాకు ఈ రోజుకీ వినబడుతుంది.

"మిరపకాయల తాతయ్యా!"

నేను దాని వెనకే ఉన్నాను. కేక వేస్తే అందేంత దూరంలో ఉన్నాను. ఆ పిల్ల పిలిచింది ఆయన్ను.

దిగేసరికి ఆ కొత్త పెళ్లికూతురు పిల్లను ఎత్తుకుని సముదాయిస్తోంది. నన్ను చూసి, "అదేంటండీ, ఇంత పసిదాన్ని ఒక్కదాన్నే ఎక్కించారూ!" అంది. ఆమె చేతుల్లోంచి పిల్లను తీసుకున్నాను. వణికిపోతోంది. బయటికి వచ్చే దారిలోంచి పడవలు ఎక్కే మెట్లు కనబడతాయి. సరిగ్గా అప్పుడే ఆయన వంతు వచ్చింది. కండువా ఊపుతూ షెడ్డు వైపు చూస్తున్నాడు. షెడ్డులో మేము లేము. అటూ ఇటూ వెతికాడు. వెనకనున్నవారు తోస్తున్నారు. చివరికి కింద ఉన్న నన్ను చూశాడు. పిల్ల నా భుజం మీద ఉందో లేదో గుర్తుపట్టేంత చూపు ఆయనకు లేదు. ఏం చేయమంటారన్నట్టు చెయ్యి తిప్పాడు.

నేను చెయ్యి ఎత్తి, ఎక్కమని సైగ చేశాను. ఎక్కండి, ఫరవాలేదు, మేము ఇక్కడే ఉన్నాం అన్నట్టు. నమ్మాడు. నా మాట ఎప్పుడూ నమ్మేవాడు. ఒక్కడూ ఎక్కి కూర్చున్నాడు.

అప్పుడు పిల్లను అటు తిప్పి, చెవి దగ్గర వంగాను.

"చూశావా? నిన్ను వదిలేసి ఒక్కడే ఎక్కేస్తున్నాడు."

ఇదీ ఆ వాక్యం.

పిల్ల చూసింది. ఏడుపు ఆపింది. పిల్లలు ఏడుపు ఆపినంత మాత్రాన ఊరట చెందారని అనుకోకూడదని నాకు అప్పుడే తెలిసింది. ఆయన తడిసి ముద్దయి, మోకాలు పట్టుకుని నవ్వుతూ వచ్చాడు. "ఏదీ నా బంగారం? తాత ఎట్టా దూకాడో చూశావటే!" అని రెండు చేతులూ చాచాడు. పిల్ల ముఖం తిప్పుకుని నా మెడ కరుచుకుంది. జీవితంలో మొదటిసారి అంత గట్టిగా పట్టుకుంది నన్ను.

"ఏమైంది బావగారూ?"

"ఏమీ లేదు. నీళ్లు చూసి బెదిరింది."

ఆ చాచిన చేతులు అలాగే కాసేపు ఉండిపోయాయి. ఒడిలో పరచుకున్న తువ్వాలు మడిచి లేచిన రోజు నా చేతులూ అలాగే ఉండి ఉంటాయి. సంతోషం కలిగింది. దాచను. ఇంటికి వచ్చి, అన్నం ఇష్టంగా తిన్నాను.

అంతటితో ఆగితే పిల్ల మరచిపోయేదేమో. నేను మరవనివ్వలేదు. ఆ ఏడే అల్లుడికి గుంటూరుకు బదిలీ అయింది, మా అమ్మాయికి చంటిబిడ్డతో తీరిక లేక, పిల్ల పక్కనే ఉన్న మా ఇంట ఉండి బడికి వెళ్లసాగింది. ఆయన చూడటానికి వస్తున్నాడని తెలిసినప్పుడల్లా, "మళ్లీ వదిలేసి పోతాడేమో, చూసుకో" అనేవాణ్ణి. నవ్వుతూనే అనేవాణ్ణి. మిరపకోతల మధ్య పని వదులుకుని బస్సెక్కి వచ్చేవాడు. తాటి ముంజెలు తెచ్చేవాడు. సాయంత్రం బడి వదిలే వేళకు గేటు దగ్గర నిలబడేవాడు. పిల్ల వెనక గేటు నుంచి ఇంటికి వచ్చేది. ఆయన ఖాళీ చేతులతో తిరిగి వస్తే, నేను లోపలి గదిలో కూర్చుని ఆయన చెప్పులు విప్పుతున్న చప్పుడు వినేవాణ్ణి. ఆ చప్పుడు కోసం ఎదురుచూసేవాణ్ణని ఒప్పుకుంటున్నాను.

ఒకసారి నా ముందు కుర్చీలో కూర్చుని, ఎన్నడూ లేనంత మెల్లగా అడిగాడు.

"బావగారూ, మీరు చదువుకున్నోళ్లు. ఆ పార్కుకెళ్లినకాడ్నుంచీ పిల్ల నా దగ్గరికి రాట్లేదండీ. నేనేమన్నా తప్పు జేశానా?"

"పిల్లల మనసు మనకేం తెలుస్తుందండీ."

"కొట్టలా, తిట్టలా. మీరెక్కమంటేనే గదా ఎక్కా."

"అవును."

"మరేందండీ?"

"పెద్దయితే అదే వస్తుంది లెండి."

తల ఊపాడు. నమ్మాడు. కోటప్పకొండ సంగతి అప్పుడు ఎత్తి ఉండవచ్చు. ఫలానా రోజు మీరు నన్ను ఇలా అన్నారు, దానికి ఇది బదులు, అని ముఖాన చెప్పి ఉంటే అది పగ అయ్యేది. పగకైనా ఒక మర్యాద ఉంటుంది. నేను చేసినదానికి పేరు ఏమిటి? తనకు ఏ నేరానికి శిక్ష పడిందో ఆయనకు తెలియదు. పడవ ఎక్కినందుకని అనుకుంటున్నాడు. కొండ మీద అన్న మాట ఆయనకు గుర్తున్నదో లేదో కూడా నాకు తెలియదు. గుర్తు లేకపోతే? అయితే ఇన్నేళ్లూ నేను ఎవరి మీద పగ తీర్చుకున్నట్టు?

ఇప్పుడు ఆయనకు పక్షవాతం. కుడి వైపు పడిపోయింది, మాట పోయింది. వినికిడీ తెలివీ బాగానే ఉన్నాయి. కిందటి వారం అందరం చూడటానికి వెళ్లాం. పిల్ల ఇప్పుడు హైస్కూలులో చదువుతోంది. మా అమ్మాయి జావ గిన్నె ఇచ్చి, తాతయ్యకు పట్టమంది. పిల్ల గడప దగ్గరే నిలబడింది.

"నేను పట్టనమ్మా. ఆయన నన్ను వదిలేసి ఒక్కడే ఎక్కేశాడు."

"ఎక్కడికే?" అంది మా అమ్మాయి.

పిల్ల ఆలోచించింది. చెప్పలేకపోయింది. పార్కు గుర్తు లేదు. పడవ గుర్తు లేదు. తాను అరిచిన అరుపు గుర్తు లేదు. నా వాక్యం ఒక్కటే మిగిలింది, అక్షరం పొల్లు పోకుండా. మంచం మీద ఆయన కళ్లు పిల్ల నుంచి నా వైపు తిరిగాయి. విన్నాడు. నన్ను అడుగుతున్నాడా? అర్థమైందా? మాట లేని మనిషి చూపును చదవడం నాకు రాదు. జావ గిన్నె మా అమ్మాయి తీసుకుంది. నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను.

అక్కడే చెప్పవచ్చు. ఒక్క మాట. ఎక్కమని సైగ చేసింది నేను, పిల్లకు అబద్ధం చెప్పింది నేను. ఆయన శాంతిగా కళ్లు మూసుకుంటాడు. పిల్ల ఇక ముందు నా ముఖం చూడదు. నేను నోరు మెదపకపోవడానికి పిల్ల దూరమవుతుందన్న భయమే కారణమని తిరుగుబస్సులో నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. మిగతా సగం కూడా చెబుతాను. ఆయనకు ఆ శాంతి ఇవ్వడానికి నాకు ఈ రోజుకీ చేతులు రావడం లేదు. ఆ మంచం పక్కన కూర్చుని కూడా నాకు వినబడినది ఆయన ఊపిరి కాదు, కొండ మీద నలుగురి నవ్వు.

మీరు నన్ను ఏమనుకున్నా అభ్యంతరం లేదు. మన్నించమని అడగను, మన్నించవలసినవారు మీరు కారు, వారిద్దరికీ నేను చెప్పలేదు, చెబుతానని మీకు మాట కూడా ఇవ్వలేను. మీకు మాత్రం చెప్పాను. ఇంత నీచమైన సంగతి, అక్కర ఉన్నవారికి చెప్పకుండా అక్కర లేని మీకు చెప్పి, గుండె తేలికపడటం సిగ్గుచేటు. అయినా తేలికపడింది.