పెరటి బండల వాటం

నిన్న మా నిజామాబాద్ ఇంటి పెరట్లో బండలు పరవడానికి వచ్చిన మేస్త్రి, గోడ మీద ఎర్రటి గీత పడే చిన్న మిషన్ నిలబెట్టి, నీళ్లు పోవడానికి వాటం ఎటు పెట్టమంటారు సారూ అని మామూలుగా అడిగితే, నేను రేపు రమ్మని పంపించేశాను. దుఃఖం వచ్చి కాదు. ఆ ప్రశ్న దగ్గర నాలో ఏదో చాలా ఏళ్లుగా కదలకుండా ఆగిపోయి ఉంది.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మా బోధన్ వైపు ఊళ్లలో ఇంటి వెనక మట్టి వాకిలే ఉండేది, వానకు కరిగిపోతే మళ్లీ మొరం పోసుకునేవాళ్లం. బాపు పోయాక అవ్వ, అంటే మా అమ్మ, పొద్దంతా అక్కడే ఎండల్లో పసుపు కొమ్ములు ఆరబోస్తూ, వానల్లో బురదలో కాళ్లీడ్చుకుంటూ తిరుగుతుంటే చూడలేక, అన్నా నేనూ ఆమె కోసం బండలు వేయించాలనుకున్నాం.

నేనప్పుడు బడిపంతులును, సాయంత్రాలు సభల్లో మూఢనమ్మకాల మీద గొంతు చించుకునేవాణ్ని. వాస్తు మీద నాతో వాదించి నెగ్గినవాడు లేడన్న పేరు నాకు తియ్యగానే ఉండేది. అన్నేమో వాస్తు చెప్పే ఒక అయ్యగారిని అడిగొచ్చి, నీళ్లు ఈశాన్యం మూలకే పోవాలన్నాడు.

"గా ముచ్చట వానకు గూడ చెప్పిండా మీ అయ్యగారు?" అన్నాను.

"నీ ఉపన్యాసం స్టేజి మీద చెప్పుకో, ఇంట్ల గాదు" అన్నాడు అన్న.

మీరిద్దరూ తేల్చుకునేలోపు చాయ్ తాగొస్తానని ఆనాటి మేస్త్రి తాపీ పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

అవ్వ ఏళ్ల తరబడి చెరుకుకు నీళ్లు పారించిన మనిషి. కాలువ తీసే ముందు చెంబెడు నీళ్లు నేల మీద ఒలకబోసి, అవి పాకే దిక్కు చూసి గానీ పార వేసేది కాదు. "ఒక్క వాన పడనియ్యిండ్రి బిడ్డా, నీళ్లు యాడికి పోతయో సూసినంక బండలేస్కోండ్రి" అంది. మేం వినలేదు. అన్నకు అయ్యగారి మాట నిలబడాలి, నాకు అది ఓడిపోవాలి. చివరికి నేనే నెగ్గి, ఈశాన్యానికి సరిగ్గా ఎదురుగా, అవ్వ పడుకునే గది ఉన్న నైరుతి మూలకు వాటం పెట్టించాను. అటువైపు మురుగునీళ్లు పోయే బజారు మోరీ మా పెరడు కంటే ఎత్తులో ఉందని ఎవరమూ కొలవలేదు.

తొలకరికే ఆ మోరీ నిండి, నీళ్లు వెనక్కి తన్ని అవ్వ గడప ముందు నిలిచాయి. మోరీలో చెత్త అడ్డుపడిందన్నాను, మేస్త్రికి పని రాదన్నాను, మొత్తానికి నా తప్పు తప్ప అన్నీ అన్నాను. శ్రావణం దాటేసరికి అక్కడ పాకుర పట్టింది. ఒక పొద్దున తలుపు తీసుకుని బయటికొచ్చిన అవ్వ జారిపడి తుంటి ఎముక విరిగింది. తర్వాత మూడేళ్లు బతికింది గానీ, తన కోసం వేయించిన బండల మీదికి మళ్లీ నడిచి రాలేదు. నన్ను ఒక్క మాటా అనలేదు. వాన చప్పుడైతే మాత్రం మంచం మీద నుంచి, నీళ్లు ఎందాక వచ్చినయి బిడ్డా, అని అడిగేది.

అయ్యగారు ముందే చెప్పిండని అన్న ఊరంతా చెప్పుకున్నాడు. ఆ అయ్యగారు మా పెరడు చూడనే లేదు. ఈ సంగతి మీద ఇప్పటికీ వాదించి నెగ్గగలను, వాస్తును ఇప్పటికీ నమ్మను. కానీ ఆ ఇంట్లో పరీక్షించి చూడమన్నది ఒక్క అవ్వే. సభల్లో ఆ మాట చెప్పి చప్పట్లు కొట్టించుకున్నది నేను.

ఈ ఉదయం మేస్త్రి వచ్చేసరికి చెంబు పట్టుకుని పెరట్లో నిలబడి ఉన్నాను. "గదంతా మిషనే చెప్తది సారూ" అని నవ్వాడు. నిజమే, ఇప్పుడు ఎర్ర గీత క్షణంలో తేల్చేస్తుంది, అన్నదమ్ములు పోట్లాడుకోనక్కర్లేదు, ఒక్క వాన పడనియ్యమని ఆపే మనిషీ ఇంట్లో లేదు. అయినా నీళ్లు ఒలకబోశాను. అవి కాసేపు ఆగి, మెల్లగా జామచెట్టు వైపు పాకాయి. అటే పెట్టమన్నాను.

అది ఏ మూలో నేను చూసుకోలేదు.